షేర్ ఆటోలో రామసుబ్బయ్య

ఏటా చలికాలంలో రామసుబ్బయ్య రాయచోటిలోని బట్టలకొట్టు కొడుక్కి అప్పజెప్పి, కర్నూల్లో కూతురింటికి వస్తాడు. కారు లేదు గనుక షేర్ ఆటోల్లోనే ఊరు చూస్తాడు. మెడకు మఫ్లరు చుట్టుకుని, చేతిసంచి ఒళ్లో పెట్టుకుని వెనకసీటు అంచున కూర్చుంటాడు. ఆడమనిషి ఎక్కితే మగవాళ్లు డ్రైవరు పక్కకు పోవాలి. అక్కడ వేలాడుతూ కూర్చోడం ఆయన మోకాళ్లవల్ల కాదు. అందుకని ఎవరూ అడక్కముందే దిగిపోయి, ఇంకో ఆటో కోసం నిలబడతాడు. ఈసారి అలా దిగిదిగే ఇంకా కొండారెడ్డి బురుజు ఎక్కనేలేదు. చీకటి పడితే పైకి పోనివ్వరు. తెల్లారితే ఊరికి ప్రయాణం.

ఆ సాయంత్రం బురుజుకు పోతుంటే, సి.క్యాంపు దగ్గర పూలగంపతో ఒకామె ఆటో ఆపింది. రామసుబ్బయ్య దిగలేదు. గట్టిగా కళ్లు మూసుకున్నాడు.

“పెద్దాయనా, రోంత లేస్తావా?” అన్నాడు డ్రైవరు.

“నిద్దరపోతాండాడు, లేపొద్దప్పా. నీ పక్కన నేనే కూర్చుంటా,” అందామె.

“మరి నేను యాడ కూర్చునేదమ్మా?”

“సన్నంగానే ఉండావులే, జరుగు.”

అందరూ నవ్వారు. డ్రైవరు సగం బయటికి వేలాడుతూ ఆటో నడిపాడు. కాసేపటికి, “బురుజు, బురుజు!” అని అరిచాడు. సరిగ్గా ఇప్పుడే మెలకువ వస్తే దొంగనిద్రని అందరికీ తెలిసిపోతుంది. రామసుబ్బయ్య కళ్లు తెరవలేదు.

“పాపం, శానా అలిసిపోయినట్టుండాడు,” అంది పూలామె. ఆటో కదిలింది.