ఇది అయ్యిందాప్పా?

గురువారం పొద్దున మా మేనేజర్ నుంచి "పదకొండింటికి ఐదు నిమిషాలు మాట్లాడాలి" అని మెసేజ్ వచ్చింది. నా ఉద్యోగం పోయిందని నిశ్చయించుకుని కూర్చున్నాను. ఇంకా పది నిమిషాలుందనగా ఫోన్ మోగింది. హూడిలో నేను అద్దెకుంటున్న ఇంటి ఓనరమ్మ పోయారని ఆవిడ కూతురు చెప్పింది. పూజకి పూలు కోస్తూ కూలబడిపోయారట. నేను భయపడ్డది ఒకటి, జరిగింది ఇంకొకటి.

ఓనరమ్మ ఇక్కడే కాటన్‌పేటలో పుట్టిన తెలుగావిడ, మాటలో కన్నడం కలిసేది. ముప్పై ఏళ్ళు గార్మెంట్స్ ఫ్యాక్టరీలో చెకింగ్ చేశారు. కుట్టిన చొక్కాని వెలుతురుకి పట్టి, తప్పున్న చోట చిన్న ఎర్ర బాణం స్టిక్కర్ అతికించడం ఆవిడ పని. రిటైరయ్యాక మనుషుల్నీ అలాగే చూసేవారు.

రెండేళ్ళ క్రితం నేను రాజీనామా లేఖ రాసి పెట్టుకుని తిరుగుతున్నాను. చేసిన పనినే పదిసార్లు సరిచూసుకునేవాణ్ణి. అన్నం సయించేది కాదు. ఆఫీసులో పాజిటివ్‌గా ఆలోచించడం మీద ట్రైనింగ్ ఇచ్చి, మనసెలా ఉందో రోజూ నొక్కమని ఒక యాప్ పెట్టారు. ఏడుపు మొహం నొక్కితే ఎవరు చూస్తారోనని భయపడి రోజూ నవ్వు మొహమే నొక్కాను. ఆ లెక్కన కంపెనీలో నా అంత సంతోషి లేడు.

ఒకరోజు మెట్ల మీద ఓనరమ్మకి దొరికిపోయాను.

"ఏమప్పా, మొగం అట్లుండాది? అన్నం తిన్లేదా?"

అంతా చెప్పేశాను. ఆవిడ లోపలికి వెళ్ళి పాత స్టిక్కర్ల షీటు, గోడ క్యాలెండరు తెచ్చిచ్చారు. "తప్పు జరిగిన దినం బాణం అతికించు. ఆదివారం నేను చూస్తా."

చూపించాను. ఏడు గళ్ళలో ఏడు బాణాలు. ఆవిడ క్యాలెండర్‌ని కిటికీ వెలుతురుకి పట్టుకున్నారు.

"సోమవారం ఏమైంది?"

"అందరి ముందూ మేనేజర్ తిడతాడనుకున్నా."

"తిట్టినాడా?"

"లేదు."

గోటితో బాణం పీకేశారు. మంగళవారం మీద వేలు పెట్టి, "ఇది అయ్యిందాప్పా?" కాలేదు. అదీ పీకేశారు. చివరికి శుక్రవారం ఒక్కటే మిగిలింది. ఆ రోజు నిజంగానే తప్పు ఫైలు పంపాను.

"సుమ్నే, ఊరికే భయపడితే బాణం పెట్టకూడదప్పా. తప్పుంటేనే పెట్టల్ల. ఈ ఒక్కటి సరిచెయ్. దీనికోసరం చొక్కా అంతా పారేస్తావా?"

ఆ తర్వాత ప్రతి ఆదివారం తనిఖీయే. మెచ్చుకోలు మాత్రం ఉండేది కాదు. మూడో నెలలో ఒక వారం ఒక్క బాణమూ లేకపోతే "దాచినావా?" అని నిలదీశారు. యాప్ ఇచ్చిన నవ్వు మొహాలన్నిటికంటే ఆ అనుమానం నాకు ముద్దొచ్చింది. రాజీనామా లేఖ ఎప్పుడు చించేశానో గుర్తులేదు.

భయం పూర్తిగా పోలేదు, గురువారం సంగతి చెప్పానుగా. మేనేజర్ అడగాలనుకున్నది, కొత్తగా చేరిన అమ్మాయికి పని నేర్పుతావా అని. మర్నాడు తెలిసింది.

ఆవిడ పోయిన రోజని గురువారం గడిలో బాణం అతికించాను. ఆదివారం అలవాటుగా క్యాలెండర్ పట్టుకుని కిందికి దిగాను. ఆవిడ కుర్చీ కిటికీ పక్కనే ఉంది. క్యాలెండర్‌ని నేనే వెలుతురుకి పట్టాను. నెలంతా తెల్లగా ఉంది, ఒక్క ఎర్ర బాణం తప్ప. దాని అంచు కింద గోరు పెట్టి, ఇది అయ్యిందాప్పా అని నన్ను నేనే అడిగాను.

అయ్యింది. గోరు తీసేశాను.