గుర్రం తలకు పెట్టిన బొట్టు

నా గుండెల మీద ఏళ్ళుగా ఒక గుర్రం తల కూర్చుని ఉంది. నవ్వొస్తే నవ్వండి, కానీ చివరిదాకా వినండి. ఇంట్లో ఎవరికీ చెప్పలేదు. మీరెవరో నాకు తెలియదు కాబట్టి మీకు చెబుతున్నాను.

మాది తర్లుపాడు దగ్గర గొర్రెలు కాసుకునే ఇల్లు. నేను ఆ ఇంటి కోడల్ని. ఒక మాఘ పౌర్ణమికి సముద్ర స్నానం చేస్తే మోకాళ్ళ నొప్పులు పోతాయని మా అత్తకు ఎవరో చెప్పారు. ఇక ఊరుకుంటుందా? అత్త, మామ, నేను, మా ఆయన వ్యాను మాట్లాడుకుని పోయాం. మునిగాం, గంగమ్మకు పసుపు కుంకుమ వేశాం, అన్నం తినడానికి నీడ వెతుక్కున్నాం. ఒడ్డునే మూతబడిన పిల్లల పార్కు ఒకటి కనిపించింది. మామ కాపలా మనిషితో గొర్రెల రేట్లు మాట్లాడి గేటు తీయించాడు.

లోపల మిగిలింది తక్కువే. తిరగని జెయింట్ వీల్, ఇసుక నిండిన చిన్న రైలు, గుండ్రంగా తిరిగే గుర్రాల్లో ఒకే ఒక్క గుర్రం. చిన్నప్పుడు తిరునాళ్ళలో అలాంటి గుర్రం ఎక్కుతానంటే మా నాయన ఆడపిల్లకు గుర్రమేందని చెయ్యి పట్టి లాక్కొచ్చాడు. ఆ కోరిక పెళ్ళయిన ఇన్నేళ్ళకు, అదీ అత్తగారితో వచ్చినప్పుడే లేవాలా? అందరూ చేతులు కడుక్కుంటుంటే చీర ఎగ్గట్టి ఎక్కేశాను. మెడ పట్టుకుని ఒక ఊపు ఊగాను. తల ఊడి చేతికొచ్చింది.

అత్తకు తెలిస్తే మార్కాపురం దాకా చాటింపే. ఆ భయంతో తలను తీసుకెళ్ళి గోడ పక్కన ఇసుకలో నిలబెట్టాను. ఎవరూ కదిలించకుండా, కొంగున మిగిలిన పసుపు పూసి కుంకుమ బొట్టు పెట్టాను. బొట్టు పెట్టినదాన్ని మా వైపు ఎవరూ ముట్టుకోరు. నా తెలివి అక్కడిదాకే పనిచేసింది. ముట్టుకోరు సరే, మొక్కుతారని ఎందుకు తట్టలేదు?

అత్త కుంటుకుంటూ అటే వచ్చింది. చూసింది. ఇసుకలో సాగిలపడింది.

"గంగమ్మ తల్లీ, గుర్రమ్మీద వచ్చినావా తల్లీ. నా మోకాళ్ళు బాగుజెయ్యి. మా ఇంట్లో పొట్టేలును నీకిచ్చుకుంటా."

మామ ముఖం మాడిపోయింది. పుట్టగానే దాని తల్లి చచ్చిపోతే ఆయన ఒళ్ళో పెట్టుకుని సాకిన పొట్టేలు అది. ఆయన వెంటే టీ కొట్టుకు పోయి బన్ను తినేది.

ఇంటికొచ్చాక నేను రోజూ దేవుడికి ఒకటే మొక్కాను, అత్త మోకాళ్ళు బాగవకూడదని. ఇంతకంటే దిగజారిన కోడలు ఉంటుందా? నూనె రాయడం కూడా మానేశాను. నూనె రాయని కోడలి మీద చాడీలు చెప్పడానికి ఆమె పొద్దస్తమానం వీధులన్నీ తిరిగింది. ఆ నడకకే నొప్పులు తగ్గాయని నా అనుమానం. ఉగాది నాటికి మిద్దె మెట్లు ఎక్కేసింది.

మొక్కు తీర్చడానికి మళ్ళీ వ్యాను ఎక్కాం, ఈసారి పొట్టేలుతో. కాపలా మనిషి గుర్రం తలకు తాటాకు పందిరి వేసి, ముందు పళ్ళెం పెట్టుకుని కూర్చున్నాడు. జెయింట్ వీల్ కింద పొయ్యి రాళ్ళు పెట్టాం. మామ తాడు పట్టుకుని నా దగ్గరికి వచ్చాడు.

"అమ్మాయ్, నువ్వు సదువుకున్నదానివి. ఈ తల్లి నిజంగా అడిగిందంటావా?"

ఒక్క మాట చెబితే చాలు, తాడుతో సహా పొట్టేలును ఇంటికి తోలుకుపోయేవాడు. కానీ వెనక అత్త మసాలా నూరుతోంది.

"అడిగింది మామా," అన్నాను.

"అట్లనా," అన్నాడు. తాడు మా ఆయన చేతికిచ్చి, పోయి చిన్న రైల్లో కూర్చున్నాడు. పిల్లల బోగీలో అంత పెద్ద మనిషి, మోకాళ్ళు గడ్డానికి తగులుతూ, అటు తిరిగి కూర్చున్నాడు. నాకు నవ్వు రాలేదు. ఏడుపొచ్చింది, పొగ మీద నెట్టేశాను.

కూర బాగా కుదిరింది. ఇది కూడా చెప్పాలి కదా. నేను రెండోసారి వేయించుకున్నాను. మామ పెరుగన్నం తిన్నాడు.

చెబితే అత్తకు నొప్పులు తిరగబెడతాయని ఇన్నాళ్ళూ నాకు నేనే సర్దిచెప్పుకున్నాను. అబద్ధం. నా పరువు కోసమే నోరు మూసుకున్నాను. అత్త ఇప్పటికీ ఆ తల్లి మహిమ ఊరందరికీ చెబుతుంది, ఎవరి మోకాలు నొప్పి చేసినా అక్కడికే పంపిస్తుంది. మామ మాత్రం మళ్ళీ ఏ గొర్రెపిల్లనూ ఒళ్ళోకి తీసుకోలేదు. తల్లి లేని పిల్ల మిగిలితే, "నువ్వు సాకు అమ్మాయ్, నా వల్ల గాదు," అని నా చేతిలో పెట్టి మంద వెంట పోతాడు.

తల్లి అడగలేదు మామా. నేనే భయపడి ఆమె పేరు చెప్పాను. ఈ మాట నీకు చెప్పే ధైర్యం ఇంకా రాలేదు. ముక్కూ ముఖం తెలియని వాళ్ళకైతే చెప్పగలిగాను.