ఏడు నిమిషాల అల

మా ఆవిడ ముప్పై ఒక్క ఏళ్లు సూర్యుణ్ణి కదలకుండా పట్టుకుంది. గొప్పకు చెప్పడం లేదు, ఆమె ఉద్యోగమే అది. ఊరి చివర గుట్ట మీద సూర్యుణ్ణి పరిశీలించే కేంద్రం ఉంది. అక్కడి బురుజు మీద తిరిగే అద్దం ఎండను కిందున్న చీకటి గదిలోకి దించుతుంది. ఆ గదిలో తెల్లటి పలక మీద సూర్యుడిలోని నల్లమచ్చ చొక్కా బొత్తామంత కనబడుతుంది. పలక మధ్యలో వెంట్రుకంత చీలిక ఉంటుంది. మచ్చ సరిగ్గా ఆ చీలిక మీద నిలవాలి. అద్దాన్ని తిప్పే మోటారు ఎంత మంచిదైనా మచ్చ కొద్దికొద్దిగా పక్కకు జారుతుంది. చిన్న మర తిప్పి దాన్ని మళ్లీ దారికి తేవాలి. పొద్దున ఎనిమిది నుంచి మబ్బు పట్టేదాకా ఆమె చేసే పని ఇంతే. ‘ఇంతే’ అన్నానని తెలిస్తే నాకు ఆ పూట కాఫీ దక్కదు.

ఆ మచ్చ ఊరికే ఉండదట. అందులోని వాయువు మూడు నిమిషాలకోసారి పైకి లేచి కిందికి దిగుతుందట. చీలికలోంచి వచ్చిన వెలుగును రంగులుగా విడదీస్తే వాటి మధ్య నల్లటి గీతలు కనిపిస్తాయి. వాయువు లేస్తే గీత ఒక పక్కకు, దిగితే మరో పక్కకు జరుగుతుంది. ఆ ఊగులాటను చదవడమే అక్కడి శాస్త్రవేత్తల పని. నాకీ చదువంతా అన్నం దగ్గర అబ్బింది.

నాది గడియారాలు బాగుచేసే కొట్టు. నా పెళ్లాం చేతికి గడియారం పెట్టుకోదంటే నాకెంత నామోషీగా ఉండాలి! పెళ్లైన కొత్తలో అడిగేశాను.

“గడియారం చూస్తే కన్ను మచ్చ మీంచి పోతుందండీ. లెక్కపెట్టుకుంటాను” అంది.

ఆరువందలు లెక్కపెట్టడం, ఒకసారి మర తిప్పడం, మళ్లీ ఒకటి నుంచి మొదలు. తోచినప్పుడల్లా మర ముట్టుకుంటే బొమ్మ వణుకుతుందని, లెక్క ప్రకారమే ముట్టుకోమని ఆమెకు పని నేర్పిన పెద్దాయన చెప్పాడట. నేను నమ్మక స్టాప్‌వాచ్ పట్టుకుని కూర్చున్నాను. వందకు డెబ్బై సెకన్లు పట్టింది. మళ్లీ పెట్టమంటే మళ్లీ డెబ్బై. ఆరువందలకు ఏడు నిమిషాలు, మహా అయితే ఒకటి రెండు సెకన్లు అటూ ఇటూ. నా కొట్లో సగం గడియారాలకు ఆ నిలకడ లేదు. ఆ రోజు నుంచి కొట్టుకొచ్చిన వాళ్లందరికీ ఆమె లెక్క గురించి చెప్పుకుని మురిసిపోయేవాణ్ణి.

రిటైర్మెంటుకు రెండు నెలలుందనగా ఒక సాయంత్రం ఆమె ఇంటికి కాకుండా తిన్నగా కొట్టుకు వచ్చేసింది. కాళ్లు నేల మీద లేవు.

“ఏమండీ, మా పొడుగమ్మాయికి కొత్త అల దొరికింది!”

పొడుగమ్మాయి అంటే అక్కడ మచ్చల్లోని అలల మీద పరిశోధన చేస్తున్న పిల్ల. గుమ్మం దగ్గర తల వంచకుండా ఏ గదిలోకీ వెళ్లలేదు, అందుకని మా ఇంట్లో ఆ పేరు. అంతకు ముందు వాళ్లంతా అరగంట ముక్కలు చూసి మూడు నిమిషాల అలతో సరిపెట్టుకునేవారట. ఈ పిల్ల మూడేళ్ల రికార్డులు తీసి, రోజుకు రోజంతా కలిపి చూసిందట.

“మచ్చ లోపల ఇంకో అల ఉందట. ఏడు నిమిషాలది. ఇంతవరకూ ఎవరికీ కనబడలేదట. వ్యాసం చివర నా పేరు కూడా వేస్తానంది” అంది.

ముప్పై ఒక్క ఏళ్లలో హాజరుపట్టీలో తప్ప ఆ పేరు ఎక్కడా పడలేదు. ఆమె ముఖం వెలిగిపోతోంది. నా చేతిలోని పట్టకారు మాత్రం అక్కడే ఆగిపోయింది.

నాలుగు రోజులు నోరు మెదపలేదు. పిరికితనమే, ఒప్పుకుంటాను. ఐదో రోజు సెలవు. ఆమె ఉతికిన బట్టలు మడత పెడుతుంటే ఇక ఉండబట్టలేకపోయాను.

“ఏడు నిమిషాలంటే నీ లెక్కలో ఎంతోయ్?”

“ఆరువం...” అని ఆగిపోయింది. చేతిలో దుప్పటి అలాగే ఉంది. “నా చెయ్యా?” అంది.

ఏడు నిమిషాల పాటు మచ్చ జారుతుంది, చీలిక దానిలో వేరే చోటును చూస్తుంది. ఆమె మర తిప్పగానే మళ్లీ మొదటి చోటికి వస్తుంది. అదే అలలా కనబడి ఉంటుందని నేను విడమరచి చెప్పనక్కర్లేకపోయింది.

“ఎప్పట్నుంచి తెలుసు మీకు?”

“నాలుగు రోజులు.”

“ఈ నాలుగు రోజులూ ఆ పిల్ల కనబడ్డ వాళ్లందరికీ చెప్పుకుంది” అని లోపలికి వెళ్లిపోయింది.

మర్నాడు కొట్టు మూసి నేనూ ఆమె వెంట గుట్ట మీదికి వెళ్లాను. ఆమె పొడుగమ్మాయి ముందు డ్యూటీ పుస్తకం తెరిచింది. కిందటేడు నా కంటి ఆపరేషన్‌కు ఆమె రెండు వారాలు సెలవు పెట్టింది. అప్పుడు మర దగ్గర స్టోర్స్ గుమస్తా కూర్చున్నాడు.

“తల్లీ, ఈ రెండు వారాలు విడిగా చూడు.”

పిల్ల చూసింది. గ్రాఫులో మిగతా రోజులన్నిటా గుట్టలా లేచిన ఏడు నిమిషాల దగ్గర, ఆ రెండు వారాల్లో ఏమీ లేదు. మా ఆవిడ తన లెక్క సంగతి చెప్పింది. పొడుగమ్మాయి నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని కూర్చుండిపోయింది. ఒక అధ్యాయమంతా ఆ అల మీదే రాసింది, మూడు వారాల్లో థీసిస్ ఇవ్వాలి.

“మీరు చెప్పకపోతే ఎవరికీ తెలిసేది కాదు ఆంటీ.”

“ఈయనకు తెలుసుగా. ఈయన నోట్లో నువ్వుగింజ నానదు. నాలుగు రోజులు దాచారంటేనే నాకింకా నమ్మబుద్ధి కావడం లేదు” అంది మా ఆవిడ. పిల్లకు ఏడుపూ నవ్వూ కలిసి వచ్చాయి.

అయితే ఆ పిల్ల తెలివైనది. పది రోజులు లెక్కలతో కుస్తీ పట్టింది. మా ఆవిడ లెక్క అంత నిలకడగా నడిచేది కాబట్టి ఆ ఏడు నిమిషాలను రికార్డుల్లోంచి శుభ్రంగా తీసేయొచ్చని తేల్చింది. పనికిరాకుండా పోయినవి గుమస్తా కూర్చున్న రెండు వారాలే. ఆయన చెయ్యి ఎప్పుడు ఎటు తిరిగిందో ఆయనకే తెలియదు. థీసిస్ ఆరు నెలలు వెనక్కి పోయినా మూడు నిమిషాల అల మునుపెన్నడూ లేనంత తేటగా బయటపడింది. పేరు మాత్రం వేసి తీరతానని పట్టుబడితే, “ఏమని వేస్తావమ్మా, ఈవిడ చేతిని తీసేశామనా?” అని మా ఆవిడ నవ్వేసిందట.

ఆ సరిచేసిన బొమ్మను మా ఆవిడ ఒక మధ్యాహ్నం కొట్టుకు తెచ్చింది. కాగితం మీద ఒకటే గీత, సన్నగా లేస్తూ దిగుతూ.

“బాగుందా?” అన్నాను.

“బాగుంది. సూర్యుడొక్కడే ఉన్నాడు.”

బల్ల అవతల ఎత్తుపీట మీద కూర్చుని ఆ కాగితం వంక చూసింది.

“ముప్పై ఒక్క ఏళ్లు నేనక్కడ కూర్చున్నానని ఆ రికార్డుల్లో ఉన్న గుర్తు ఆ ఏడు నిమిషాల అలొక్కటేనండీ. దాన్ని తీసేసేలా చేసిందీ నేనే” అంది.

నా కళ్లలో నీళ్లు తిరిగాయి. కొట్టు తలుపు సగం దించి వచ్చి ఆమె పక్కన కూర్చున్నాను.