పట్టీ వేసుకుని బీడీలు చుట్టిన అత్త

మా మేనత్త పోయిందని ఎల్లారెడ్డి నుంచి ఫోను వచ్చేసరికి నేను ఆమెను చూడటానికే కామారెడ్డి బస్టాండులో బస్సెక్కుతున్నాను. పలకరిద్దామని బయలుదేరినదాన్ని సాగనంపడానికి చేరాను. ఊపిరితిత్తులు ఎప్పుడో పాడైపోయాయి. వాకిట్లో కూర్చున్నవాళ్లలో ఎవరో అననే అన్నారు: "బీడీ ఇడిసిపెట్టి ఏం ఫాయిదా? పొయ్యేది పోనే పోయింది." ఆ మాటకు జవాబు చెప్పాలనే ఇది రాస్తున్నాను.

అత్త బతుకంతా బీడీలు చుట్టింది. ఒళ్లో చాట, చాటలో తునికాకు, తంబాకు. చుట్టే ఆడవాళ్లలో తాగేవాళ్లు తక్కువ. అత్త తాగేది, అదీ గడపలో కూర్చుని అందరి ముందే. మామ పోయాక మరీ ఎక్కువైంది. నాలుగడుగులకే ఆయాసం వస్తుంటే నేనే కామారెడ్డిలో డాక్టరమ్మకు చూపించాను. ఆమె బీడీ మానడానికని ఒంటికి అంటించుకునే నికోటిన్ పట్టీలు, నమిలే గమ్ము రాసిచ్చింది.

మొదట్లో అత్త అన్నీ తప్పుగానే వాడింది. గమ్మును గబగబా నమిలి ఊటంతా మింగేసింది. ఎక్కిళ్లు, గుండెల్లో మంట. "ఇదేం మందే, రొమ్ముల పొయ్యి అంటువెట్టినట్టున్నది" అంది. కొంచెం నమిలి, చురుక్కుమనగానే బుగ్గన పెట్టుకుని ఊరుకోవాలని డాక్టరమ్మ మళ్లీ చెప్పింది. పట్టీ రోజూ ఒకేచోట వేస్తే దురద పుట్టింది. చోటు మార్చడం నేర్చుకుంది. నయమైనట్టు అనిపించగానే అన్నీ ఆపేసి, పిట్లంలో ఒక పెళ్లిలో మళ్లీ బీడీ ముట్టించింది. బంధువులంతా నవ్వారు. అత్త మాత్రం మళ్లీ బస్సెక్కి వచ్చింది.

"కిందవడ్డ. లేస్త. గంతే" అంది డాక్టరమ్మతో.

మా బాపు అత్తకు తమ్ముడు, తనూ బీడీ తాగేవాడే. ఆయనకు ఇదంతా నచ్చలేదు. "మనసు గట్టిగుంటె ఈ పట్టీలెందుకు అక్కా?" అన్నాడు.

"జరమొస్తె నువ్వు మనసు గట్టిగ చేసుకొని పంటున్నవా, గోలి ఏసుకుంటున్నవా? నా మనసు గట్టిదేరా. గందుకే మందు వాడుతున్న."

ఆ రోజు నుంచి పట్టీ కనబడేలా రవికె చెయ్యి పైకి మడిచి వాకిట్లో కూర్చునేది. తంబాకుకే దూరంగా ఉండమంది డాక్టరమ్మ. కానీ బీడీలు చుట్టకపోతే పొయ్యి వెలగదు. రోజంతా ఆ ఘాటులోనే కూర్చుని, చుట్టిన ఒక్క బీడీనీ నోట పెట్టుకోకుండా ఉండటం ఎంత కష్టమో నేను దగ్గరుండి చూశాను. ఊరికే మా మీద అరిచేది. రానురాను పట్టీల అవసరమూ తీరింది. దగ్గు పూర్తిగా పోలేదు, కానీ మనవరాలిని చంకనెత్తుకుని వీధి చివరిదాకా నడిచేది. ఫాయిదా ఏమిటని అడిగినవాళ్లు ఆ నడక చూడలేదు.

మంచం పట్టాక పక్కింటి పెద్దమ్మ జాలిపడి, "ఇంకేమయితది, ఒక్కటి తాగు" అని బీడీ ఇవ్వబోయింది.

"పానం పోతె పోని. గెలిసింది ఎందుకిడుస్త?" అంది అత్త.

మూడోరోజు వాగొడ్డున పిట్టకు పెట్టాం. పోయినవాళ్లకు ఇష్టమైనవన్నీ విస్తట్లో పెట్టి, కాకి ముట్టేదాకా ఎదురుచూస్తాం. అన్నం, కోడికూర పెట్టాక బాపు తన జేబులోంచి ఒక బీడీ తీసి ఆకు అంచున పెట్టాడు. అత్త కూతురు వంగి దాన్ని తీసి, ఆయన చేతికే ఇచ్చింది.

"మామా, గిది అమ్మకు వద్దు."

కాకి రాలేదు. ఎండ ముదిరింది. "బీడీ లేకనే ముడుతలేదు, పెట్టుండ్రి" అన్నారు పెద్దవాళ్లు. అత్త కూతురు కదల్లేదు. బాపు చేతిలోని బీడీని కాసేపు చూసి జేబులో వేసుకున్నాడు.

"పెట్టొద్దు. అక్క వద్దన్నది. వచ్చేదాంక నిలవడుదం."

భుజం మీది తువ్వాల తలకు చుట్టుకుని మేనకోడలి పక్కన నిలబడ్డాడు. ఒకరి తర్వాత ఒకరం మేమూ వెళ్లి వాళ్ల వెనక నిలబడ్డాం, ఖాళీ ఆకాశాన్ని చూస్తూ.