సుగుణక్క చెప్పిన, స్క్రిప్టులో లేని సాక్ష్యం

నిన్న పొద్దున బడికి పోదామని బండి స్టార్ట్ చేశాను. ఫోన్ మోగింది. సుగుణక్క కొడుకు.

"అన్నా, అమ్మ పోయింది" అన్నాడు.

నమ్మలేదు. మొన్న ఆదివారం చర్చి నుంచి వస్తూ ఫోన్ చేసి, మానుకోట మొహం చూడక ఎన్ని నెలలైందని నన్ను తిట్టింది కూడా. అంత గట్టి గొంతు ఒక్క పూటలో ఎట్లా ఆగిపోతుంది?

నిన్నంతా ఏడ్చాను. ఇవాళ ఏడవను. మా సినిమాలో అక్క చేసిన కోర్టు సీన్ గురించి చెప్తాను. అది చెప్పకపోతే నాకు నిద్ర పట్టదు.

సుగుణక్క మానుకోటలో రిటైరైన నర్సు. నాది కాటారం, జనగామలో టీచర్ని, నాటకాల పిచ్చోణ్ని. నాలుగేళ్ల కింద మా దోస్తులం కలిసి జనగామలో ఒక చిన్న సినిమా తీశాం.

సాయుధ పోరాటం రోజుల కథ. దొర మనుషులు కాల్చిన సంఘం మనిషిని దవాఖానకు తెస్తారు. డాక్టర్ చెప్పిన సూది నర్సు ఇస్తుంది. మనిషి చనిపోతాడు. నేను చెప్పలేదు, ఆమే ఇచ్చింది అంటాడు డాక్టర్. నర్సు బోనెక్కుతుంది.

డాక్టర్ తరఫు వకీలు వేషం నాది. షేర్వానీ, రూమీ టోపీ, సగం ఉర్దూ డైలాగులు. నా కాళ్లు నేల మీద నిలిస్తే ఒట్టు!

అసలు అక్కను పిలిచింది యాక్టింగ్‌కు కాదు. హీరోయిన్‌కు సిరంజి పట్టుకోవడం నేర్పమని. ఆ అమ్మాయికి సిరంజి వచ్చింది కానీ మన ఊళ్ల యాస రాలేదు. "ఏంది", "ఎట్ల" అంటుంటే సెట్టంతా ఒకటే నవ్వు. మధ్యాహ్నానికి డైరెక్టర్ విసిగిపోయి, తెల్లచీర కట్టించి అక్కనే బోనులో నిలబెట్టాడు.

సీన్ సింపుల్. నేను గద్దిస్తాను. తప్పు తనదేనని నర్సు సంతకం పెట్టిన కాగితం చూపిస్తాను. ఆమె తలొంచుకుని ఏడుస్తుంది. కట్.

రిహార్సల్స్‌లో అక్క అట్లాగే చేసింది. చాయ్ తాగుతూ నన్ను ఆటపట్టించింది కూడా. బళ్లో పిల్లల్ని బెదిరించినట్టుంది నీ వకాలతు, జర గట్టిగా అడుగు అని.

సరే, టేక్‌లో గట్టిగానే అడిగాను. బోను మీద చెయ్యి చరిచి మరీ.

"డాక్టర్ సాబ్ ఇయ్యమన్నడని నీ దగ్గర కాగితం ఉన్నదా?"

అక్క తల వంచలేదు. సూటిగా నన్నే చూసింది.

"కాగితం లేదు. నోటితోని చెప్పిండు. చేతికి టెస్ట్ డోసు చేసి ఇస్త సార్ అన్న. టైమ్ లేదు, ఇచ్చెయ్ అన్నడు. ఇచ్చిన. ఆ బాలింత నా చేతులల్లనే పోయింది."

బాలింత!

మా కథలో చనిపోయింది మగమనిషి. మందు ఒంటికి పడుతుందో లేదో చూసే ఆ టెస్ట్ డోసు ముచ్చటే స్క్రిప్టులో లేదు.

కెమెరా నడుస్తూనే ఉంది. డైరెక్టర్ కట్ అనడం లేదు. ఆపాలా? అడగాలా? ఇరవై ఏళ్ల నుంచి స్టేజీ ఎక్కుతున్నాను, ఆ రోజు పట్టినంత చెమట ఎప్పుడూ పట్టలేదు.

అడిగాను. వకీలుగానే అడిగాను.

"మరి తప్పు నాదేనని సంతకం ఎందుకు పెట్టినవ్?"

"కాదంటే నౌకరి పోతదని పెట్టిన. నాకు ఇద్దరు చిన్న పిల్లలు. ఆ తల్లి కూడ ఆడపిల్లను కన్నది సార్. ఆ పిల్లకు నేను గిప్పటిదాక నిజం చెప్పలే."

కట్ చెప్పాక చప్పట్లే చప్పట్లు. ఈలలు కూడా. ఏం యాక్టింగ్ అని అందరూ ఎగిరి గంతేశారు. నేను పోయి అక్క చెయ్యి పట్టుకున్నాను. ఆ బాలింత ఎవరని అడిగాను.

అప్పుడు చెప్పింది. చాలా ఏళ్ల కింద, ఒక దవాఖానలో జరిగింది. పేరెందుకు ఇప్పుడు. నిందంతా అక్క మీద పడింది. డాక్టర్ హాయిగా వేరే ఊరు పోయాడు. ఆ పుట్టిన పిల్ల బయ్యారంలో పెరిగి పెద్దదైందని అక్కకు తెలుసు. ఎదురుపడే ధైర్యమే లేదు.

ఆ టేక్‌నే సినిమాలో పెడతానని డైరెక్టర్ పట్టుబట్టాడు. అక్క ఒక్కటే అంది. ఊరంతా చూసే ముందు ఆ పిల్ల నా నోటితోనే వినాలి అని.

మరుసటి ఆదివారం నా బండి మీద బయ్యారం పోయినం ఇద్దరం.

ఆ అమ్మాయి వాకిట్లో మిరపకాయలు ఆరబోస్తోంది. అక్క తానెవరో చెప్పింది. టెస్ట్ చేయకుండా సూది ఇచ్చిన సంగతి, సంతకం సంగతి, ఏదీ దాచలేదు. ఇక తిట్లు మొదలవుతాయని నేను గుండె చిక్కబట్టుకుని నిలబడ్డాను.

అమ్మాయి తిట్టలేదు. చేతిలోని మిరపకాయలు కింద పెట్టింది. తర్వాత కన్నతల్లి గురించి ఒక్క మాట అడిగింది.

"మా అవ్వ నన్ను చూసిందా?"

"చూసింది బిడ్డా. నిన్ను ఆమె చెంపకు ఆనిచ్చి పట్టుకున్న. ఆడపిల్ల అంటే నవ్వింది."

అమ్మాయి బోరున ఏడ్చింది. అక్క ఏడ్చింది. నేను గోడ వైపు తిరిగి ఏడ్చాను.

తర్వాత ఆ అమ్మాయే లోపలికి పోయి పీట తెచ్చి వేసింది. వాళ్లమ్మ ఫొటో ఒక్కటి కూడా లేదట. ఎట్లుండె, పొడుగా పొట్టా, గొంతు ఎట్లుండె అని పొద్దుగూకేదాకా అడుగుతూనే ఉంది. అక్క చెప్తూనే ఉంది.

నిన్న సాయంత్రం మానుకోటలో సమాధి దగ్గర ఆ అమ్మాయి అందరికంటే ముందు నిలబడింది. ఎవరి తాలూకమ్మా నువ్వు అని ఎవరో అడిగారు.

"పుట్టంగనే నన్ను ఎత్తుకున్నది ఈమెనే" అంది. అని, దోసిట్లోకి మట్టి తీసుకుంది.

పోయి రా అక్కా.
దేవుడి దగ్గర నిమ్మళంగా ఉండు.