ఫ్రిజ్ నెత్తిన చేపల మావు

ఆ రోజుల్లో ఆడపిల్ల బి.ఎస్సీ. చదివితే పెళ్ళి కుదరడం కష్టమనేవారు, నోరు కూడా ఉంటే అసలు కుదరదనేవారు. నాకు రెండూ ఉండేవి గనక ముందు ఉద్యోగం కుదిరింది. ఏలూరు నుంచి జీపు వెనక ట్రైలరు తగిలించుకుని కొల్లేటి పల్లెలకి టీకాలు వెయ్యడానికి వెళ్ళేవాళ్ళం. ట్రైలరంటే చక్రాల మీద చిన్న గది. అందులో మందు చల్లగా ఉంచడానికి కిరసనాయిలు ఫ్రిజ్. కింద దీపం వెలిగితే లోపల చల్లబడుతుంది. (ఈ సంగతి చెబితే మా బామ్మ నాకు జ్వరమేమోనని నుదురు పట్టుకు చూసింది.)

మా పెద్ద డాక్టరు గారికి మేం పెట్టుకున్న పేరు మూతల డాక్టరు. మంచినీళ్ళు తాగుతూ మధ్యలో ఆగినా గ్లాసు మీద మూత పెట్టేవారు. చల్లదనం పోతుందని ట్రైలరు సందులన్నిట్లో గోనెగుడ్డలు కుక్కించారు. ఒకసారి కొల్లేరు వదిలి అటు తాడేపల్లిగూడెం దాకా వెళ్ళాం, చేరేసరికి లోపల ఉక్క, పొగ. మందు పాడైంది, వచ్చిన జనాన్ని వెనక్కి పంపాం.

"ఫ్రిజ్ వెనక వేడి పైకి పోవాలండీ. కింద ఒక కన్నం, పైకప్పుకి ఒక కన్నం పెట్టిద్దాం" అన్నాను.

"చల్లటి పెట్టెకి కన్నాలేంటమ్మా?"

"పెట్టెకి కాదండీ, గదికి. పొగగొట్టం మూసేసి మీరు అన్నం వండగలరా?"

"నేనెప్పుడూ వండలేదు."

"అదేనండీ చిక్కు!"

ఆయన కళ్ళజోడు తుడుచుకున్నారు. "సరే, పెట్టించు. ఈసారి మందు పాడైతే ట్రైలరుతో పాటు నువ్వూ ఇంటికెళ్ళిపోవచ్చు."

భీమడోలులో కమ్మరి చేత కన్నాలు కొట్టించాను. పైకన్నంలో పిచ్చుకలు దూరకుండా, చేపలు పట్టే బుట్టలాంటి పాత వెదురు మావు ఒకటి కొని బోర్లించి కట్టి, వానకి దాని మీద రేకు పెట్టించాను. గాలి బ్రహ్మాండంగా ఆడింది. ఆడి, ఆ వెచ్చటి గాలి మావులో ఏళ్ళ తరబడి ఇంకిన చేపల వాసనంతా ఊరి మీదికి మోసుకుపోయింది.

కలిదిండి దాటాక ఒక పల్లెలో ఆగామో లేదో, ముందు పిల్లులొచ్చాయి. వాటి వెనక, టీకా అంటే చెరువుగట్టు దాటి పారిపోయే పిల్లలొచ్చారు. వాళ్ళని వెతుక్కుంటూ తల్లులొచ్చారు.

"ఏ చేపండీ? కొర్రమీనేనా?" అని అడిగిందొకావిడ.

"ఇది గవర్నమెంటు బండమ్మా!" అన్నారు డాక్టరు గారు, ముక్కుకి రుమాలు మూత పెట్టుకుని.

"గవర్నమెంటు చేపలు కూడా అమ్ముతోందేవిటండీ?"

నేను ఊపిరి బిగబట్టి ఫ్రిజ్ తలుపు తీశాను. సీసాలు చల్లగా చేతికి తగిలాయి. డాక్టరు గారు కూడా ఒకటి పట్టుకుని చూశారు. ఎలాగూ వచ్చాం కదా అని ఆ ఆడవాళ్ళు పిల్లల చేతులు పట్టుకుని వరసలో నిలబడ్డారు. సాయంత్రానికి సీసాలన్నీ ఖాళీ. వెళ్ళేటప్పుడు డాక్టరు గారు జీపెక్కుతూ, "ఆ మావు గట్టిగా కట్టించు, దారిలో ఊడిపోతుందేమో" అన్నారు.

ఇప్పుడు మా ఇంట్లోనూ కరెంటు ఫ్రిజ్ ఉంది. మావారు దాన్ని గోడకి ఆనిస్తారు, నేను పోట్లాడి ముందుకి లాగిస్తాను. ఎవరూ చూడనప్పుడు దాని వెనక చెయ్యి పెట్టి చూస్తుంటాను. వెచ్చటి గాలి తగులుతుంది. చేపల వాసన మాత్రం రాదు, ఎందుకో కాస్త వెలితిగా ఉంటుంది.