వెంచర్ మట్టి

జాయింట్ వెంచర్‌లో పని దొరికిందని హైదరాబాదులో ఎవరితోనైనా అంటే ముందుగా అభినందించరు. గజం ఎంత అని అడుగుతారు. నాకీ సంగతి తట్టక మా అత్తగారితో ఆ మాట ఉన్నదున్నట్టు చెప్పాను. ఆవిడ పై వాటాలో ఉండే ఇంటి ఓనరు ఆంటీకి చెప్పింది. ఆ సాయంత్రానికల్లా తార్నాకలోని మా సందు మొత్తానికీ నేను ప్లాట్లు అమ్మే మనిషినైపోయాను. ఎదురింటాయన గోల్నాకలో ఉన్న బావమరిదిని కూడా తీసుకొచ్చి, "సైట్ విజిట్‌కి కారు మీరే పెడ్తరా మేడం?" అని అడిగాడు.

నిజానికి జరిగింది ఇది. గనులు తవ్వే ఒక కంపెనీ, ఎరువులు చేసే మరో కంపెనీ కలిసి కొత్తగా ఒక సంస్థ పెట్టాయి. ఎరువుకు పనికొచ్చే ఫాస్ఫేటు, పొటాషు రాళ్లు మన నేలలో ఎక్కడైనా ఉన్నాయేమో వెతకడం దాని పని. ఇప్పుడు వాటిని ఓడల్లో తెప్పించుకుంటున్నాం కాబట్టి ఇక్కడే దొరికితే మంచిదే. ఆ విషయంలో నాకు వెటకారమేమీ లేదు. ఉన్న వెటకారమంతా సంతకాల సభ మీదే.

ఆ సభ యూనివర్సిటీలో, మా జియాలజీ డిపార్టుమెంటు సెమినార్ హాల్లో జరిగింది. కంపెనీ క్యాంపుల్లో తవ్వి పంపే శాంపిళ్లను పరీక్షించే పని మా డిపార్టుమెంటుకు ఇచ్చారు. మాట్లాడిన ప్రతి ఒక్కరూ రైతన్న అనే మాటతో మొదలుపెట్టి రైతన్న అనే మాటతో ముగించారు. హాల్లో రైతు ఒక్కడూ లేడు. ఫ్లెక్సీ మీద మాత్రం తలపాగా చుట్టుకుని ఒకాయన నవ్వుతున్నాడు. వేదిక మీద ఎర్ర వెల్వెట్ గుడ్డ పరిచి ఒక ఫాస్ఫేటు రాయిని పెట్టారు. పెద్దలందరూ దాని పక్కన నిలబడి ఫోటోలు దిగారు. ఆ రాయి మా డిపార్టుమెంటు మ్యూజియంలోది. దాని కింద ఉండే చీటీలో ఊరు వేరే దేశానిది. ఆ చీటీ తీసి చీర కొంగులో ముడి వేసుకున్నది నేనే.

నా ఉద్యోగం పేరు ప్రాజెక్టు అసిస్టెంట్. ఇదే డిపార్టుమెంటులో ఎమ్మెస్సీ జియాలజీ చదివినప్పుడు కొండల వయసు ఎలా లెక్కగట్టాలో నేర్పారు. ఇప్పుడు ఆ కొండల ముక్కలు గుడ్డ సంచుల్లో వస్తే పగలగొట్టి, పొడి చేసి, జల్లెడ పట్టి, అందులో ఏముందో కొలిచే మెషిన్ దగ్గరికి పంపుతాను. మిక్సీ ఉన్న ఏ ఇంట్లోనైనా జరిగే పనే. కాకపోతే మేము ముక్కుకు మాస్కు కట్టుకుంటాం.

పాపకు అప్పుడు ఏడాదిన్నర. మా ఆయన లాలాగూడ రైల్వే వర్క్‌షాపు ఆఫీసుకు వెళ్లాక అత్తగారే చూసుకునేది. నేను భయస్తురాలిని. పిల్ల తుమ్మితే జ్వరం చూస్తాను, తుమ్మకపోయినా చూస్తాను. అరటిపండు తింటే మర్నాడు డైపరులో కనిపించే నల్లటి పోగులు పురుగులేమోనని వణికి, ఫోటో తీసి డాక్టరమ్మకు పంపినదాన్ని. ఆవిడ "అరటిపండు" అని ఒక్క మాట జవాబు పెట్టింది. అంత జాగ్రత్త గల తల్లిని అన్నమాట నేను.

ఒకరోజు విద్యార్థుల ధర్నా వల్ల క్యాంపస్ గేట్లు మూసేశారు. కంపెనీ క్యాంపు నుంచి శాంపిళ్లు తెచ్చిన వ్యాను డ్రైవరు మా ఇంటి ముందు ఆపాడు.

"గేట్ బంద్ ఉన్నది మేడం. నాకు రిటర్న్ ట్రిప్ ఉన్నది. గీడ దించి పోతా, రేపు మీరే పట్కపోండ్రి," అని రెండు సంచులు వరండాలో పెట్టాడు. తన కాగితం మీద సంతకం పెట్టించుకుని వెళ్లిపోయాడు. సంచులు వచ్చినట్టు నేను రాయాల్సిన శాంపిల్ రిజిస్టరేమో డిపార్టుమెంటులో ఉంది. ముట్టుకోవద్దని అత్తగారికి చెప్పి, నడిచి వెళ్లేవాళ్లకు తెరిచి ఉంచిన వెనక గేటు నుంచి వెళ్లి రిజిస్టరు తెచ్చుకున్నాను. పట్టినది అరగంటే.

తిరిగొచ్చేసరికి వరండాలో న్యూస్‌పేపరు పరిచి ఉంది. దాని మీద ఒక సంచి కుమ్మరించి ఉంది. అటు ఓనరు ఆంటీ, ఇటు మా అత్తగారు, బంగారం కొట్లో కూర్చున్నట్టు కూర్చున్నారు.

"ఏందమ్మా గట్ల చూస్తవ్? మీ వెంచర్ మట్టి చూస్తున్నం," అంది ఆంటీ. "తెల్లగున్నది. బోరు పడ్తదో లేదో గాని పునాదికి మంచిగుంటది. ఈస్ట్ ఫేసింగ్ ప్లాట్లు ఉన్నయా ఇంక?"

మా అత్తగారు చిటికెడు తీసి వాసన చూస్తోంది. "మా వైపు నల్లమట్టి వదినగారూ, పిల్లర్లు ఎంత లోతుగా వేసినా భయమే. ఇది నయం. ఏవమ్మాయ్, ఇందులో మొక్కలవీ బాగా వస్తాయా?"

ఎరువు కోసం తవ్విన మట్టిలో మొక్కలు వస్తాయా అని అడిగిన మొదటి మనిషి మా అత్తగారే. సభలో ఇంతమంది మాట్లాడారు గానీ ఎవరికీ ఆ ప్రశ్న తోచలేదు.

జవాబు చెప్పే లోపల ఆంటీ వెనక నుంచి మా పాప తొంగి చూసింది. నోటి చుట్టూ తెల్లగా ఉంది. గుప్పిట్లో సుద్దముక్క లాంటి మెత్తటి రాయి, సగం కొరికినది.

"అయ్యో, పాలపొడి అంటుకుందనుకున్నానే!" అంది అత్తగారు.

వేలు పెట్టి పిల్ల నోరంతా కడిగాను. తర్వాత సంచికి కట్టిన చీటీ చూశాను. నంబరు కింద క్యాంపులోని జియాలజిస్టు పెన్సిలుతో ఒక మాట రాసి ఉంచాడు: ఆశాజనకం. ఆ మాటను చూసి నాలాగా భయపడిన మనిషి ఇంకొకరు ఉండరు. ఫాస్ఫేటు బాగా ఉన్న రాళ్లలో ఒక్కోసారి దాని వెంట యురేనియం, ఫ్లోరైడు కూడా ఉంటాయి. ఎమ్మెస్సీ పరీక్షలో ఆ జవాబు బొమ్మతో సహా రాసి మంచి మార్కులు తెచ్చుకున్నాను. చదువుకున్న అమ్మలకు ఉండే సుఖం ఇదే. దేనికి భయపడాలో పేర్లతో సహా తెలుస్తుంది.

పిల్లను ఎత్తుకుని డాక్టరమ్మ దగ్గరికి పరిగెత్తాను.

"ఏం తింది?"

"రాయండి."

"ఏం రాయి?"

"అది తెలుసుకోవడానికే రెండు కంపెనీలు కలిశాయి మేడం."

ఆవిడ పిల్ల నాలుక చూసింది, పొట్ట నొక్కింది. "ఇంత ముక్కకి ఏం కాదమ్మా. కానీ మీరు నమ్మరు, మీ ముఖం చూస్తేనే తెలుస్తోంది. ఆ రాయి రిపోర్టు వస్తే తెచ్చి చూపించండి. ఈలోపు పాపకి బ్లడ్ టెస్టు చేయించండి. ఇంతకుముందు మట్టి గానీ సున్నం గానీ తినేదా?"

"ఛ, లేదండీ," అన్నాను. పెంపకం మీద మాట పడ్డట్టు కాస్త గట్టిగానే అన్నాను.

మర్నాడు గేట్లు తెరిచారు. సంచులు తీసుకుని డిపార్టుమెంటుకు వెళ్లాను. మా ప్రొఫెసర్ గారిది రాయలసీమ. ఆయన సంచిని తూకం వేసి కళ్లజోడు పైకి జరిపారు.

"ఏమ్మా, ఇది క్యాంపులో రాసిన బరువు కంటే తక్కువుండాదే?"

అబద్ధం చెబుదామనే అనుకున్నాను. కానీ నోరు తెరిస్తే నిజమే వచ్చింది.

"బిడ్డ ఎట్లుంది?" అని ముందు అడిగారు. తర్వాత రిజిస్టరు నా వైపు తోశారు. "రిమార్కుల్లో ఏమని రాస్తావు?"

"జరిగింది రాస్తాను సార్. సంచి మా ఇంట్లో తెరిచారని, కొంత పాప తిన్నదని."

"తెరిచినారని రాయి, పోయిందని రాయి. తిన్నదని రాస్తే రేపు ఆ కంపెనీవాళ్లు బిడ్డను గూడా శాంపిలు కింద పంపమంటారు." నవ్వలేదు గానీ, ఆ సంచిని అన్నిటికంటే ముందు మెషిన్‌కు పంపే వరుసలో పెట్టారు. "వాళ్ల మేనేజరు ఈ శాంపిలు గురించే దినామూ ఫోన్ చేస్తాండాడు. దీంట్లో ఫాస్ఫేటు బాగా రావల్లని మొక్కుకోమ్మా."

మొక్కుకున్నాను. ఏమీ రాకూడదని మొక్కుకున్నాను. రెండు కంపెనీలు, ఒక యూనివర్సిటీ, ఫ్లెక్సీ మీది రైతన్న ఒక పక్క. వాళ్ల డబ్బుతో జీతం తీసుకుంటున్న నేను ఒక్కదాన్ని ఇంకో పక్క. సంస్థ పట్ల నిబద్ధత ఉండాలని అపాయింట్‌మెంటు కాగితంలో ఉంది. నేను చదివే సంతకం పెట్టాను.

రిపోర్టు రావడానికి పట్టిన ఆ రెండు రోజులు పిల్లను చూడడం తప్ప వేరే పని చేయలేదు. అలా చూస్తూ కూర్చున్నప్పుడే, ఉయ్యాల పక్క గోడ మీద, సరిగ్గా పిల్ల నోటి ఎత్తులో, సున్నం పోయి అరచేయంత మచ్చ కనిపించింది. అంచుల్లో చిన్న చిన్న గోటి గీతలున్నాయి. ఇన్నాళ్లూ చెమ్మకు రాలిందనుకుని పట్టించుకోలేదు. వేలితో తడిమితే తడి లేదు. మా వెంచర్ కంటే చాలా ముందే మా పాప తవ్వకం మొదలుపెట్టింది. రాతి ముక్క మీద గీతను చూసి కథ చెప్పగలిగిన నేను, రోజూ కళ్ల ముందున్న ఈ గీతల్ని చూడలేదు.

రిపోర్టు వచ్చిన రోజు మేనేజరు గారు స్వయంగా వచ్చారు. ప్రొఫెసర్ గారు కాగితం తిప్పి తిప్పి చూసి బల్ల మీద పెట్టారు.

"ఏమీ లేదు. ఫాస్ఫేటు లేదు, దాని వెంబడి వచ్చేవీ లేవు. ఉత్త సున్నం కలిసిన బంకమట్టి."

నాకు ఏడుపు ఆగలేదు. ముఖానికి మాస్కు అడ్డం పెట్టుకుని వెక్కి వెక్కి ఏడ్చాను. మేనేజరు గారు కదిలిపోయారు.

"అరె, డోన్ట్ వర్రీ అమ్మా! ఇంకా చాలా శాంపిల్స్ ఉన్నాయి. ఇంత డెడికేషన్ ఉన్న స్టాఫ్ ఉంటే తప్పకుండా దొరుకుతుంది," అన్నారు.

ప్రొఫెసర్ గారు కిటికీ వైపు తిరిగి నిలబడ్డారు. ఆయన భుజాలు కదులుతున్నాయి.

సంతోషంగా ఆ రిపోర్టు పట్టుకుని డాక్టరమ్మ దగ్గరికి వెళ్లాను. ఆవిడ దాన్ని పక్కన పెట్టి రక్తం రిపోర్టు తీసింది.

"రాయిలో ఏమీ లేదు, సరే. మీ పాపలో ఐరన్ లేదు. ఐరన్ తక్కువైన పిల్లలు ఇలాగే మట్టి, సున్నం వెతుక్కుంటూ ఉంటారు. మీరు లేదన్నారు గానీ, ఇది మొన్న మొదలైంది కాదు."

గోడ సంగతి చెప్పాను. ఆవిడ తిట్టలేదు. చుక్కల మందు రాసింది. పాలు తగ్గించి అన్నం, పప్పు, ఆకుకూర పెంచమంది. ఇంటికొచ్చి చెబితే మా అత్తగారు మాత్రం వదల్లేదు.

"రాళ్లల్లో ఏం తక్కువో కనిపెట్టడానికి అంత చదువు చదివావు. పిల్లలో ఏం తక్కువో అందులో చెప్పలేదా అమ్మాయ్?" అంది. అని, కొంగుతో కళ్లు తుడుచుకుంటూ సంచి పట్టుకుని తోటకూర కోసం బజారుకు వెళ్లింది. పిల్ల గోడ గీకడం ఆవిడ కూడా చూడలేదు మరి. ఇద్దరం ఒకే ఇంట్లో ఉన్నాం.

మొన్న కంపెనీ వాళ్ల ప్రకటన వచ్చింది. ప్రాథమిక ఫలితాలు ప్రోత్సాహకరంగా ఉన్నాయట. ఎవరికి ప్రోత్సాహకరమో రాయలేదు. నాకైతే ముమ్మాటికీ నిజమే. ఓనరు ఆంటీ మెట్ల దగ్గర ఆపి అడిగింది.

"ఏమైంది బిడ్డా మీ వెంచర్?"

"అందులో ఏమీ లేదని తేలింది ఆంటీ."

"అరె! టైటిల్ క్లియర్ లేదా? నేను గప్పుడే అనుకున్న. మంచిగయింది, మేం పైసలు కట్టలే."

వచ్చే వారం మళ్లీ వ్యాను వస్తుంది. గేటు మూసి ఉంటే మా ఇంటి ముందు ఆపొద్దని డ్రైవరుకు చెప్పాను. పాపకు రోజూ పొద్దున నిమ్మరసంతో చుక్కలు వేస్తున్నాను. సగం ఉమ్మేస్తుంది, సగం లోపలికి పోతుంది. గోడకు సున్నం వేయించలేదు. మచ్చ చుట్టూ పెన్సిలుతో గీత గీసి, శాంపిలు మీద రాసినట్టు తేదీ వేశాను. అది పెరుగుతోందో లేదో తెలియాలి కదా. ఇది రాయడానికి కూర్చునే ముందు, పిల్ల నిద్రపోయాక, టార్చి వేసి చూశాను. ఈ వారం గీత దాటలేదు. గోరు గుర్తు ఒకటి మాత్రం గీత మీద పడి ఉంది. అది పాతదో కొత్తదో తేల్చలేకపోయాను.